ఘాట్ రోడ్డు దిగేలోపు తేల్చాల్సిన నొప్పి

అరకులోయ నుంచి విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) దాదాపు 115 కిలోమీటర్లు. అందులో అనంతగిరి ఘాట్ మలుపులే చాలా సమయం తినేస్తాయి. రోడ్డు లేని గూడేల నుంచైతే ముందు డోలీ కట్టి కొండ దిగాలి. అందుకే కడుపునొప్పితో వచ్చిన మనిషిని చూసిన డ్యూటీ డాక్టరుకు ఇక్కడ ఒకటి కాదు, రెండు ప్రశ్నలు: ఇది అపెండిసైటిసేనా? అయితే ఇప్పుడే కిందికి పంపాలా, ఇంకాసేపు చూడొచ్చా?

జనం ఇరవై నాలుగు గంటల నొప్పి అనే ఈ జబ్బుకు ఒక నడక ఉంది. పెద్దపేగు మొదట్లో వేలాడే వేలెడంత గొట్టం ఉండుకం, అంటే అపెండిక్స్. గట్టిపడిన మలమో, వాచిన కణజాలమో దాని నోరు మూసేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. దాని నరాలు వెన్నుపాములో చేరే చోటికే బొడ్డు చుట్టూ ఉన్న చర్మం నరాలూ చేరతాయి. అందుకే మొదట బొడ్డు దగ్గర ఎక్కడో తెలియని నొప్పి. వాపు కడుపు లోపలి పొరను తాకాక అది కుడివైపు కిందికి దిగి అక్కడే కూర్చుంటుంది. తుంటి ఎముక నుంచి బొడ్డు వైపు మూడో వంతు దూరంలో ఉండే ఆ చోటును 1889లో న్యూయార్క్ సర్జన్ మెక్‌బర్నీ గుర్తించాడు.

1986లో అల్వరాడో అనే వైద్యుడు ఈ లక్షణాలకు 10 మార్కులు వేశాడు. నొప్పి చోటు మారడం, ఆకలి చచ్చిపోవడం, వాంతి లేదా వికారం, జ్వరం, నొక్కి వదిలినప్పుడు పోటు: వీటికి ఒక్కోటి. కుడివైపు నొక్కితే నొప్పికి 2. మిగతా 3 తెల్లరక్తకణాల పరీక్షకు. అంటే 7 మార్కులకు మాటలు, చేతివేళ్లు, ఒక థర్మామీటరు చాలు. మొత్తం 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే సర్జన్‌ను పిలవాల్సిందే. అల్ట్రాసౌండ్ ఉంటే మంచిదే. కానీ అందులో ఉండుకం కనిపించనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు.

ఏజెన్సీలో ఈ మార్కులను తారుమారు చేసేది సికిల్ సెల్. ఈ కొండల ఆదివాసీల్లో ఆ జన్యువు ఉంది. కొడవలిలా వంగిన ఎర్రకణాలు సన్నని రక్తనాళాలకు అడ్డుపడితే కడుపులో భరించలేని నొప్పి వస్తుంది, దాంతోపాటు జ్వరం, వాంతులు కూడా. పైగా వీళ్లలో చాలామందికి మామూలు రోజుల్లోనే తెల్లకణాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి ఆ మార్కులకు విలువ తగ్గిపోతుంది. గతంలో ఇలాగే వచ్చిందా, నడుమూ కాళ్లూ కూడా లాగుతున్నాయా, కళ్లు పచ్చబడ్డాయా అని అడిగి చూడాలి. అవసరం లేని ఆపరేషన్ ఈ రోగికి చిన్న విషయం కాదు. మత్తు, ఆక్సిజన్ తగ్గడం, ఒంట్లో నీరు తగ్గడం కణాలను ఇంకా వంచుతాయి. ఎదురు పొరపాటూ అంతే ప్రమాదం: సికిల్ రోగికి నిజంగానే ఉండుకం వాచినా ‘మళ్లీ అదే నొప్పి’ అని పడుకోబెట్టడం. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలనుకుంది. ఆ పరీక్ష ఫలితం రాసిన కార్డు జేబులో ఉంటే రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు సగం పని తప్పుతుంది.

మలేరియా జ్వరమూ ఇలా మోసం చేయొచ్చు; దాని కిట్ పరీక్ష నిమిషాల పని. బిడ్డలు పుట్టే వయసు ఆడవాళ్లకు గర్భ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే గర్భనాళంలో పెరిగే పిండం కూడా ఇలాగే మోసం చేస్తుంది.

నొప్పి మందు ఇస్తే జబ్బు దాగిపోతుందన్న భయం పాతది. పరీక్షించి చూస్తే నిలవలేదు. అసలు భయపడాల్సింది మందు లేకుండానే నొప్పి ఒక్కసారిగా తగ్గినప్పుడు. ఉండుకం పగిలి ఉండొచ్చు.

2020లో అమెరికాలో వెలువడిన కోడా అధ్యయనంలో ఆపరేషన్ బదులు యాంటీబయాటిక్స్ తీసుకున్న ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురికి 90 రోజుల్లో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆసుపత్రి పక్క వీధిలో ఉన్నవాళ్లకు ఇది ఆశ కలిగించే లెక్క. రోడ్డెక్కడానికే డోలీ కావాల్సిన మనిషికి అదే లెక్క వేరేలా వినిపిస్తుంది. అలాంటివాళ్లను త్వరగా కిందికి పంపడమే మేలు. నోటికి ఏమీ ఇవ్వకుండా, సెలైన్ ఎక్కించి, యాంటీబయాటిక్ మొదటి డోసు ఇచ్చి, నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో, సికిల్ పరీక్షలో ఏం తేలిందో రిఫరల్ చీటీ మీద రాస్తే కేజీహెచ్ సర్జన్ మళ్లీ మొదటి నుంచి అడగక్కర్లేదు.