పాత రేడియో పెట్టెకు కొత్త తరంగము

విజ్ఞాన ప్రదర్శనములో రేడియోతో నడచు బొమ్మకారు ఉన్నదంటే పిల్లలందరు దాని చుట్టే మూగుదురు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఉన్నత పాఠశాల ఆవరణలో అటువంటి ప్రదర్శనము చూచుచుండగా చిన్న ప్రమాదమొకటి జరిగినది. ఒక విద్యార్థి తన కారును చక్కగా నడుపుచున్నాడు. అంతలో వరండాలో ఉన్న మరొక విద్యార్థి తన పెట్టె స్విచ్చి వేసినాడు. వెంటనే మొదటి కారు చెప్పిన మాట వినక, సూటిగా పోయి ముందు వరుసలో కూర్చున్న చిన్నపిల్లల కాళ్ళకు తగిలినది. దెబ్బ పెద్దది కాదు గాని, ఆ బాలుడు బెదరిపోయి ఆనాడు మరల ఆ పెట్టెను ముట్టలేదు. నిజమునకు తప్పు అతనిది కాదు. రెండు పెట్టెలలోను ఉన్నది ఒకే రకపు క్రిస్టలు!

అతని చేతిలోనిది 1980 ప్రాంతపు ట్రాన్స్‌మిటరు. అటువంటి పెట్టెలు ఇప్పటికిని ఇండ్లలో అటకలమీద దొరకుచున్నవి. వాటి మీటలు గట్టివి, చేతికి చక్కగా అమరును. పాతబడినది లోపలి రేడియో భాగము మాత్రమే. దానిని మార్చినచో పెట్టె మరల పనికివచ్చును. ఎట్లు మార్చవలెనో తెలియుటకు ముందు అది ఎట్లు పనిచేయునో తెలిసికొనవలెను.

రేడియోతో దూరము నుండి యంత్రమును నడపుట కొత్త విద్య కాదు. నికోలా టెస్లా 1898లోనే న్యూయార్కులో ఒక చిన్న పడవను ఈ విధముగా నడపి చూపినాడు. ఆ సంవత్సరమే దానికి పేటెంటు పొందినాడు. మన బొమ్మకారు ఆ పడవకు దూరపు చుట్టమే.

పెట్టెలో ప్రతి మీట క్రిందను ఒక పొటెన్షియోమీటరు ఉండును. మీటను కదల్చినపుడు దాని వోల్టేజి మారును. పక్కనున్న ఎన్‌కోడరు వలయము ఆ వోల్టేజిని కాలముగా మార్చును. మీట నడుమ ఉన్నపుడు 1.5 మిల్లీసెకండ్లు, ఒక చివర 1, రెండవ చివర 2 మిల్లీసెకండ్లు. మొదట చుక్కాని కాలము, దాని వెంట వేగపు కాలము, తరువాత పొడవైన విరామము. ఇది అంతయు సుమారు 20 మిల్లీసెకండ్లకు ఒకసారి జరుగుచుండును. వాహక తరంగమును క్షణమాత్రము ఆపి, ఒక కాలమునకు మరొక కాలమునకు నడుమ గుర్తు పెట్టుదురు. కారులోని రిసీవరు ఆ గుర్తులను లెక్కించును. మొదటి కాలమును చుక్కాని సర్వోకు, రెండవ దానిని వేగపు సర్వోకు పంచి, పొడవైన విరామము రాగానే లెక్కను మరల మొదటినుండి మొదలుపెట్టును. బడిలో హాజరు పిలుచుట వంటిదే ఇది. నడుమ ఎవరో ఒకరు అల్లరిగా “హాజరు” అని అరచినచో తరువాతి పేర్లన్నియు తారుమారగును. రెండవ ట్రాన్స్‌మిటరు చేసినది సరిగా ఆ అల్లరియే.

ఆ పాత పెట్టెలలో చాలవరకు 27 మెగాహెర్ట్జుల ప్రాంతమున పనిచేయును. అమెరికాలో ఈ పట్టీలో ఆరు పౌనఃపున్యములను ఏర్పరచి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు గుర్తుగా పెట్టినారు: 26.995కు గోధుమ, 27.045కు ఎరుపు, 27.145కు పసుపు, ఈ వరుసను. ట్రాన్స్‌మిటరులో 27.145 మెగాహెర్ట్జుల క్రిస్టలు ఉన్నచో, రిసీవరులో అంతకు 0.455 తక్కువగా 26.690 క్రిస్టలు ఉండవలెను. ఒకే మైదానములో ఆరు కారులకు మించి నడపుటకు వీలులేదు. అందుచేత పందెములు నడపువారు ఎవరి రంగు ఏదో పలకమీద గుర్తుపెట్టి, వంతు వచ్చువరకు స్విచ్చి వేయనిచ్చెడివారు కారు.

2.4 గిగాహెర్ట్జుల పట్టీలో ఈ చిక్కు లేదు. 2400 నుండి 2483.5 మెగాహెర్ట్జుల వరకు విశాలమైన జాగా ఉన్నది. ట్రాన్స్‌మిటరు, రిసీవరు రెండును ముందుగా ఒకదానినొకటి గుర్తుపట్టి, తమ సంకేతమున్న సందేశమునే అంగీకరించును. చాల పరికరములు ఒకచోట నిలువక, ఒక పౌనఃపున్యమునుండి మరొకదానికి గంతులు వేయుచుండును. ఇట్టి ఊహకు 1942లోనే అమెరికాలో పేటెంటు వచ్చినది. పొందినవారు సినిమా నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్. టార్పెడోల కొరకై వారు తలచినది 88 పౌనఃపున్యములు, అనగా పియానో మెట్లెన్నో అన్ని! మన దేశములో 2005 నుండి ఈ పట్టీలో తక్కువ శక్తి పరికరములకు లైసెన్సు అక్కరలేదు.

ఇక పని. పెట్టె విప్పి ముందుగా బ్యాటరీల అర చూడవలెను. కారిన సెల్లులు పచ్చని పొక్కులు వదలియుండును. అది క్షారము, కొద్దిగా వెనిగరు అద్దిన దూదితో తుడిచి, తడి లేకుండ ఆరబెట్టవలెను. తరువాత క్రిస్టలును ఊడదీయవలెను. దానితో పాత రేడియో మూగవోవును. ఎన్‌కోడరు మాత్రము ఎప్పటివలె కాలములు కొలుచుచునే యుండును.

ఇచ్చటనే ఉన్నది కిటుకు. ఎన్‌కోడరునుండి రేడియో భాగమునకు పోవు తీగను పట్టుకొని, ఆ సంకేతమును కొత్త 2.4 గిగాహెర్ట్జుల మాడ్యూలునకు ఇచ్చినచో మీటలు, బటనులు అన్నియు యథాప్రకారము పనిచేయును. మాడ్యూలునకు మూడే తీగలు: విద్యుత్తు, భూమి, సంకేతము. కాని తొందరపడి టంకము వేయరాదు. పాత పెట్టెకు 8 సెల్లులు, అనగా 12 వోల్టులు. చార్జి సెల్లులైనచో 9.6. మాడ్యూలునకు 5 వోల్టులే కావలసినచో నడుమ 7805 రెగ్యులేటరు ఉంచవలెను. సంకేతము కూడ 12 వోల్టుల వరకు లేచుచున్నదేమో ముందు ఆసిలోస్కోపుతో చూడవలెను. అట్లయి, మాడ్యూలు 3.3 వోల్టులే ఓర్చునదైనచో, పైన 27 కిలో ఓములు, క్రింద 10 కిలో ఓములు పెట్టి నడుమనుండి తీసికొన్నచో 12 వోల్టులు 3.24 అగును. కొన్ని ఎన్‌కోడరుల స్పందములు పైకి లేచును, కొన్నింటివి క్రిందికి దిగును. మాడ్యూలు కోరినదానికి ఎదురుగా ఉన్నచో ఒక ట్రాన్సిస్టరుతో తలక్రిందులు చేయవచ్చును.

మరొక మార్గము కూడ ఉన్నది. ఎన్‌కోడరును వదలి, పొటెన్షియోమీటరు వోల్టేజిని ఆర్డుయినో వంటి చిన్న కంప్యూటరు బోర్డుకే ఇచ్చి, 0 నుండి 1023 వరకు సంఖ్యగా చదివి, ఎన్.ఆర్.ఎఫ్.24 అను చవుక రేడియోతో పంపుట. దానికి 3.3 వోల్టులే ఇయ్యవలెను. దాని పౌనఃపున్యములు 2400 నుండి ఒక్కొక్క మెగాహెర్ట్జు చొప్పున పైకి పోవును గనుక 83వ సంఖ్య దాటరాదు. దాటినచో అనుమతించిన పట్టీ వెలుపలికి పోవును. మొదటి మార్గము సులభము. అయినను పాఠశాలకు నేను రెండవదే మెచ్చుకొందును. మీట కదలినపుడు సంఖ్య మారుట విద్యార్థి కంటితో చూచును.

ఏరియలు సంగతి. 27 మెగాహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 11 మీటర్లు, దానిలో నాలుగవ వంతు 2.8 మీటర్లు. అంత కడ్డీ చేతిలో పట్టలేము గనుక పొట్టి కడ్డీకి తీగచుట్ట జతచేసి సర్దుకొనిరి. 2.4 గిగాహెర్ట్జులకు నాలుగవ వంతు 3 సెంటీమీటర్లే. అయితే పెట్టె రేకుదైనచో దానిని లోపల దాచరాదు. పాత కడ్డీ రంధ్రమునుండి వెలికి తీయవలెను.

కారులో పాత రిసీవరు తీసి కొత్తది పెట్టవలెను. సర్వోలు అవే చాలును. వాటి మూడు తీగల వరుస మాత్రము సరిచూడవలెను. కొన్ని పాత సర్వోలలో వరుస వేరు.

అన్నిటికంటె ముఖ్యమైనది, సంకేతము తెగిపోయినచో కారు ఏమి చేయవలెనన్నది. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవు కారు సెకండుకు 10 మీటర్లు పోవును. ఒక్క సెకండు మాట వినకున్నచో చాలును, గోడయో, కాలో తగులును. కొన్న రిసీవరులలో వేగమును నడిమి స్థానమునకు తెచ్చు ఏర్పాటు ఉండును. బిగించునపుడే దానిని సరిచేయవలెను. స్వయముగా చేసికొన్నదైనచో, అర సెకండు పాటు సందేశము రాకున్న మోటారుకు 1.5 మిల్లీసెకండ్ల సంకేతము ఇయ్యవలెనని ప్రోగ్రాములోనే వ్రాయవలెను. పిమ్మట కారును ఇటుకమీద నిలిపి, చక్రములు గాలిలో తిరుగుచుండగా ట్రాన్స్‌మిటరును ఆపి చూడవలెను. చక్రములు నిలిచినచో సరి. నిలువకున్న, ఆ కారును నేలమీదికి దింపరాదు.

స్విచ్చి వేయునపుడు ముందు పెట్టె, తరువాత కారు. ఆపునపుడు ముందు కారు, తరువాత పెట్టె.