ఆకాశమార్గమున అన్నము



పూర్వము కోటను ముట్టడించువారు దారులు కట్టి, లోపలివారిని ఆకలిచే లొంగదీయుదురని పెద్దలవలన వినియుందురు. రెండవ ప్రపంచయుద్ధానంతరమున నొక మహానగరమునకు అట్టి స్థితియే పట్టినది. ఆ కథ మనవి చేసెదను.

1945వ సంవత్సరమున జర్మనీ ఓడగా, రాజధానియగు బెర్లినును రష్యా, అమెరికా, బ్రిటను, ఫ్రాన్సు దేశములు నాలుగు భాగములుగా పంచుకొనినవి. నగరముచుట్టు నేలయంతయు రష్యా యధీనము. 1948 జూనులో పశ్చిమరాజ్యములు క్రొత్తనోట్లను చెలామణీలోనికి తేగా, రష్యావారు కినిసి రైలు, రోడ్డు, జలమార్గములను మూసిరి. నగరపు పడమటి భాగములలో ఇరువది లక్షలకు పైబడిన జనులు చిక్కిరి.

మిగిలినది ఆకాశమొక్కటే. విమానములు పిండిని, పాలపొడిని, అన్నిటికంటె మిక్కుటముగా బొగ్గును మోసికొనివచ్చినవి. పదునైదు నెలలలో సుమారు 2,77,000 పర్యాయములు ఎగిరి, 23 లక్షల టన్నులు దింపినవి. 1949 మే 12వ తేదీన దారులు తెరువబడినవి.

నాకు వింతగా తోచినది యిది. మూడేండ్లక్రితము ఆ నగరముపై బాంబులు కురిపించిన సేనలవారే దానికి అన్నము మోయుచు, ప్రమాదములలో పలువురు అసువులు బాసిరి. ఆ మూడేండ్లలోనే కలిసి పోరాడిన మిత్రులు పగవారైరి. 1949లోనే జర్మనీ రెండు రాజ్యములయ్యెను. 1990లోగాని మరల నేకము కాలేదు. పగ చల్లారుటకును, చెలిమి చెడుటకును మూడేండ్లే చాలినవి. చీలిన యిల్లు కలియుటకు నలుబదియేండ్లు పట్టినది.