తలుపు వెనకాల అమ్మ

మొన్నొక ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర పెద్ద వాదమే నడిచింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి సెలవు మీద వచ్చాడు. పొద్దున పేపర్లో ఏం చదివాడో ఏమో, "ఈ మతాల వల్ల లోకానికి మంచికంటే చెడే ఎక్కువ జరిగింది నాన్నా" అన్నాడు. ఇంకేం! మావారు కంచంలో చెయ్యి అలాగే ఉంచి మొదలెట్టారు. ఆసుపత్రులు కట్టించిందెవరు, సత్రాలు కట్టించిందెవరు, ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టమన్నదెవరు అంటూ ఆయన. అంటరానితనం ఎక్కణ్ణుంచి వచ్చింది, కొట్లాటలు దేని పేరు మీద జరుగుతున్నాయి అంటూ వాడు. చారు చల్లారిపోయింది. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగి, "నువ్వేమంటావు?" అన్నారు.

"పెరుగు వెయ్యనా?" అన్నాను.

ఇద్దరూ నవ్వేశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే వాళ్ళు లోకం సంగతి మాట్లాడుకుంటున్నారు. నాకేమో పక్క గదిలో కూచుని వత్తులు చేసుకుంటున్న మా అమ్మ కనిపిస్తోంది. ఈ ప్రశ్నకి లాభనష్టాల లెక్క ఎక్కడన్నా ఉంటే అది ఆవిడ దగ్గరే ఉందనిపించింది.

పదో రోజు తెల్లవారుజామున

మా నాన్నగారు 1999లో పోయారు. అమ్మకి అప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. పదో రోజు వచ్చింది. అంతకు ముందు రోజు అమ్మకి తలంటు పోసి, పట్టుచీర కట్టి, మోచేతులదాకా గాజులు తొడిగి, తలనిండా పూలు పెట్టారు. నా పెళ్ళిలో కూడా ఆవిడ అంతగా ముస్తాబవలేదు. మర్నాడు చీకటుండగానే, భర్తలు పోయిన ఆడవాళ్ళు నలుగురు ఆవిణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళారు. నేను పుణ్యస్త్రీని కాబట్టి చూడకూడదట. నన్ను గదిలో పెట్టి తలుపు దగ్గరికి వేశారు. గొళ్ళెం కూడా పెట్టలేదు. కావాలంటే తీసుకుని వెళ్ళగలను. వెళ్ళలేదు. నూతి చప్టా మీద గాజులు చిట్లుతున్న చప్పుడు వింటూ, ఆ గదిలో చాప మీద కూచున్నాను. మా ఆయనకేమన్నా అవుతుందేమోనన్న భయం నన్ను కదలనివ్వలేదు. డిగ్రీ చదివినదాన్ని!

ఆ పని చేయించింది రాక్షసులు కాదు. మా పెద్ద మేనత్త. అమ్మని సొంత చెల్లెలికంటే ఎక్కువగా చూసుకునేది. ఆవిడకీ అదే పెరట్లో, అదే నూతి దగ్గర పాతికేళ్ళ కిందట అంతా జరిగింది. అమ్మ చేతులు పట్టుకుని అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ ఆవిడే. ఏడుస్తూనే గాజులు పగలగొట్టింది. ఎందుకత్తా అని తరవాత అడిగితే, "చెయ్యకపోతే వాడికి సద్గతులుండవటే" అంది. అంతే. అంతకు మించి ఆవిడకి తెలియదు, నాకూ తెలియదు.

ఆ రోజు నుంచి అమ్మ మారిపోయింది. ఎవరన్నా బయటికి బయల్దేరుతుంటే తలుపు వెనక్కి తప్పుకునేది, ఎదురు రాకుండా. పేరంటాలకి పిలుపులు ఆగిపోయాయి. వీధిలో పసుపు కుంకుమలు పంచుతూ వచ్చినవాళ్ళు మా గుమ్మం దాటి వెళ్ళిపోయేవారు. అసలు మన భాషే చూడండి. అల్లరి చేసే పిల్లాణ్ణి "వెధవా" అంటాం. ఆ మాట ఎవరిదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించే ఓపిక మనకెక్కడిది?

ఇంతేనా, ఇక్కడితో లెక్క తేలిపోయిందా అంటే తేలలేదు. అదే వచ్చిన చిక్కు.

అమ్మ మూడు నెలలు సరిగా అన్నం తినలేదు. మాటా పలుకూ లేదు. డాక్టరు బలం మందులు రాసిచ్చాడు. ఆవిణ్ణి మళ్ళీ మనిషిని చేసింది ఆ మందులూ కాదు, నేనూ కాదు. రామాలయంలో సాయంత్రాలు విష్ణుసహస్రనామం చదువుకునే ఆడవాళ్ళు. వాళ్ళు పేరంటానికి పిలవలేదు గానీ పారాయణకి వచ్చి చెయ్యి పట్టుకు తీసుకెళ్ళారు. అక్కడ మొదటి వరసలో కూచోబెట్టారు. అమ్మ చదివింది అయిదో తరగతి. అక్షరాలు కూడబలుక్కునే మనిషి, వాళ్ళ మధ్య కూచుని ఏడాది తిరిగేసరికి పోతన భాగవతం గడగడా చదవడం నేర్చుకుంది. ఆ తరవాత పేపరు చదవడం మొదలెట్టింది. వాళ్ళతోనే కాశీ వెళ్ళింది. నాన్నగారుండగా అన్నవరం దాటని మనిషి! కంటికి శుక్లాల ఆపరేషను చేయిస్తే వంతులేసుకుని మరీ చుక్కల మందు వేసి వెళ్ళారు. ఎవరి ఇంట్లో ఏ కష్టమొచ్చినా ఆ గుంపంతా అక్కడే ఉండేది. మా వీధి చివర చర్చికి వెళ్ళే టీచరుగారి భర్త పోయినప్పుడూ చూశాను. వాళ్ళ స్త్రీల కూటమి వాళ్ళు నెలరోజులు ఆ ఇంట పొయ్యి వెలిగించనివ్వలేదు.

ఆవిడ గాజులు తీయించిందీ ఈ మతమే. ఆవిడ చేతికి పుస్తకమిచ్చిందీ ఈ మతమే. మా అబ్బాయి మొదటిది చెప్తాడు, మావారు రెండోది చెప్తారు. నాకు రెండూ ఒక మనిషికే జరిగాయి.

రాజ్యలక్ష్మమ్మగారి కడవ

ఆ వాదంలో ఇద్దరూ వీరేశలింగం పంతులుగారి పేరెత్తారు, ఎవరి తరఫున వాళ్ళు. విధవా వివాహాలకి చట్టం 1856లోనే వచ్చింది. దాని కోసం పోరాడిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశర స్మృతిని ముందు పెట్టుకున్నాడు. భర్త కనిపించకుండా పోయినా, చనిపోయినా, సన్యసించినా ఆడది మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని అందులో ఉందని చూపించాడు. (మళ్ళీ పెళ్ళాడితే పోయిన భర్త ఆస్తిలో హక్కు పోతుందని అదే చట్టంలో ఒక మెలిక కూడా పెట్టారనుకోండి!) చట్టం వచ్చినా మన దగ్గర పాతికేళ్ళ దాకా కదలిక లేదు. రాజమండ్రిలో పంతులుగారు కూడా శాస్త్రాలతోనే శాస్త్రులతో వాదించి, 1881 డిసెంబరు 11న గౌరమ్మకీ, గోగులపాటి శ్రీరాములుకీ పెళ్ళి చేశారు. చూశావా, మతంలోనే మందు ఉంది అంటారు మావారు. ఆ పెళ్ళి చేసినందుకు వెలి వేసిందెవరు మరి అంటాడు మావాడు.

నాకు మాత్రం పంతులుగారికంటే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు ఎక్కువ గుర్తొస్తుంది. వెలి వేశాక వంటమనుషులు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. ఆవిడే గోదావరికి వెళ్ళి కడవతో నీళ్ళు తెచ్చి, పెళ్ళివారందరికీ వండిపెట్టింది. ఇంట్లోంచి వెళ్ళగొట్టిన వితంతువులు వస్తే దగ్గరుండి చూసుకుంది. ఆవిడ నమ్మకాలేమిటో, పూజలేమిటో ఎవరన్నా అడిగారా? ఆ కడవ బరువు ఏ పక్క త్రాసులో వెయ్యాలి, మీరే చెప్పండి.

ఇంకో సంగతి. మా ఇంట్లో బట్టలుతికే ఆవిడకి మొదటి మొగుడు పోయాక మారుమనువు జరిగింది. వాళ్ళలో అది తప్పు కాదు. ఆవిడ వెళ్ళేదీ మా రామాలయానికే. అదే రాముడు, అదే తీర్థం. ఒకరికి మారుమనువు, ఒకరికి గుండూ తెల్లపంచా! మా అమ్మమ్మ అక్కగారిని నా చిన్నప్పుడు చూశాను. తొమ్మిదేళ్ళకి భర్త పోతే ఎనభై ఏళ్ళు అలాగే బతికింది. ఆవిడ చేతి వంట ఊరందరికీ కావాలి, ఆవిడ మొహం మాత్రం ఎవరికీ అక్కర్లేదు. విచిత్రమేమిటంటే, నాలుగు డబ్బులొచ్చి పెద్దమనుషులనిపించుకోవాలనుకున్న ఇళ్ళల్లో ఇప్పుడు మా పాత పట్టింపులే నేర్చుకుంటున్నారు. బట్టలుతికే ఆవిడ కూతురు టీచరు. మేనత్తకి మారుమనువు జరిగిందని చెప్పుకోడానికి ఆ పిల్ల నామోషీ పడుతోంది.

ముస్లిముల్లో చూస్తే, ప్రవక్తగారి మొదటి భార్య ఖదీజా భర్తను పోగొట్టుకున్నావిడే. వాళ్ళలో నాలుగు నెలల పది రోజుల గడువు దాటాక మళ్ళీ నికా చేసుకోవడానికి అడ్డేం లేదు. అలాగని వాళ్ళ ఆడవాళ్ళకి వేరే గోడు లేదనను. ఒక్కసారిగా మూడు తలాక్‌లు చెప్పి వదిలేయడం చెల్లదని 2017లో సుప్రీంకోర్టు చెప్పేదాకా ఎందరు తిరిగారో!

మొదటి బొట్టు

2023 మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి. పెళ్ళికూతుర్ని చేసే రోజు పీట మీద కూచున్న పిల్ల, "మొదటి బొట్టు అమ్మమ్మే పెట్టాలి" అంది. ఇల్లంతా నిశ్శబ్దం. మా వదిన నా మొహం చూసింది. పిన్ని వినపడనట్టు పసుపు కలుపుతోంది. నేను పంతులుగారి వైపు చూశాను, ఆయన వద్దంటే ఆ మాట నా మీద పడదు కదా అని. ఆయనేమో తాపీగా, "మంత్రంలో ఫలానావాళ్ళే పెట్టాలని లేదమ్మా. అది మీ ఆడవాళ్ళ ఆచారం, మీరే తేల్చుకోండి" అన్నారు.

అంతకు ముందు ఏడాదే మావాడు ఒక వార్త చూపించాడు. మహారాష్ట్రలో కొల్హాపూరు జిల్లా హేర్వాడ్ అనే ఊళ్ళో 2022 మే నెలలో గ్రామ పంచాయతీ తీర్మానం చేసింది, భర్త పోయినావిడకి బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం, మంగళసూత్రం తీయడం ఇక తమ ఊళ్ళో ఉండకూడదని. మిగతా పంచాయతీలు కూడా అలా చెయ్యాలని ఆ రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. మంగళూరులో కుద్రోళి గోకర్ణనాథేశ్వర ఆలయం ఉంది, నారాయణ గురువుగారు ప్రతిష్ఠించినది. అక్కడ 2013లో ఇద్దరు వితంతువుల్ని అర్చకులుగా పెట్టారని కూడా చదివాను. చదివి, ఎంత బాగుందో అనుకున్నాను. ఇప్పుడు నా కూతురి దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు. నిజం చెప్తున్నాను, 1999 నాటి ఆ గదిలోనే మళ్ళీ కూచున్నట్టనిపించింది.

అసలు ఒప్పుకోనిది ఇంకెవరో కాదు, మా అమ్మే. "వద్దే తల్లీ. నా చేతి కీడు నీకెందుకు" అంటూ వంటింట్లోకి నడిచింది. ఇరవై నాలుగేళ్ళలో ఆ మాట ఆవిడ ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందో అప్పుడు అర్థమైంది. గాజులు పగలగొడితే చేతికి దెబ్బ తగిలి మానిపోతుంది. ఈ దెబ్బ మానలేదు. పంచాయతీ తీర్మానాలకి ఇది అందుతుందా?

పారాయణ గుంపులో అందరికంటే పెద్దావిడ, మేం మామ్మగారంటాం, పెళ్ళికి ముందే వచ్చి కూరలు తరుగుతూ కూచుంది. ఆవిడకీ భర్త లేడు. కత్తిపీట పక్కకి పెట్టి అమ్మతో అంది:

"ఏమే, రోజూ పొద్దున్నే మీ రాముడి పటానికి బొట్టు పెట్టేదెవరు?"

"నేనే."

"సీతమ్మకి?"

"నేనే."

"వాళ్ళకి అంటని కీడు ఈ పిల్లకి అంటుతుందా? లే. అవతల పిల్ల పీట మీద కూచుంది."

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత చేతులు కడుక్కుని వచ్చింది. కుంకుమ తీసిన వేలు వణికి, బొట్టు కాస్త వంకరగా పడింది. ఫోటోల్లో కూడా అలాగే ఉంది. సరిచేస్తానన్న ఫోటోగ్రాఫరుని మా అమ్మాయి చెయ్యనివ్వలేదు. పెళ్ళివారి వైపు ఒకావిడ మొహం ముడుచుకుంది. రెండు రోజులు మా వదిన నాతో ముభావంగానే ఉంది. అల్లుడి తల్లి మాత్రం ఏమీ అనలేదు. నలుగురిలో అమ్మ పక్కన కూచుని భోంచేసింది.

ఈ కథంతా మొన్న వాదం అయ్యాక చెప్పాను. "చూశావా, రాముడే దారి చూపించాడు" అన్నారు మావారు. "కీడని ముందసలు చెప్పకపోతే రాముడి సిఫార్సు ఎందుకు నాన్నా?" అన్నాడు మావాడు. వాడి మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ రోజు నేను ఎన్ని పేపరు కటింగులు చదివి వినిపించినా అమ్మ లేచేది కాదు. రాముడి పటం మాటకే లేచింది. ఆ సంగతి మావాడూ కాదనలేడు. అలాగే ఆ తరవాత ఆగస్టులో ఇంకో వార్త వచ్చింది. తమిళనాడులో ఈరోడ్ జిల్లాలో ఒకావిణ్ణి వితంతువని గుళ్ళోకి రానివ్వకపోతే, ఆవిడ మద్రాసు హైకోర్టుకి వెళ్ళాల్సివచ్చింది. పోలీసుల కాపలా పెట్టి లోపలికి పంపమని జడ్జిగారు ఆదేశించారు. ఆ గుడిలో పూజారి ఆవిడ భర్తే, బతికుండగా. మావారు ఆ వార్త చదివి పేపరు మడిచి పెట్టేశారు.

పెళ్ళి అయిన మూడో రోజు అమ్మాయీ అల్లుడూ బయల్దేరారు. సామాన్లు కార్లో పెట్టారు. హారతి ఇచ్చాను. అందరూ వీధిలోకి వచ్చారు. అమ్మ కనపళ్ళేదు. లోపలికి వెళ్ళి చూస్తే వీధి తలుపు వెనకాల, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో పిల్లకివ్వాల్సిన సున్నుండల డబ్బా.

"బొట్టు పెట్టినదానివి, ఇంకా ఇదేమిటమ్మా?" అన్నాను.

"ప్రయాణం వేళ కదే" అంది.

చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. వచ్చింది. డబ్బా అందించింది, పిల్ల బుగ్గలు నిమిరింది. కానీ కారు కదిలేదాకా ఎదురుగా మాత్రం నిలబడలేదు. పక్కకి, తులసికోట చాటుకి జరిగి చూస్తూ నిలబడింది.