కిరాయి ఇంట్లో మీరు పెట్టిన మొక్క ఎవరిది? వాకిలి పచ్చగా ఉండాలంటే ఓనర్, కిరాయిదారు ఏం మాట్లాడుకోవాలి?

జనగామ జిల్లా పాలకుర్తి లాంటి మండల కేంద్రంలో బదిలీ మీద వచ్చిన టీచరో, బ్యాంకు ఉద్యోగో కిరాయికి దిగే ఇల్లు చాలాసార్లు ఒకే తీరుగా ఉంటుంది. చుట్టూ ప్రహరీ, ముందు కాస్త ఖాళీ జాగా, వెనుక పెరడు. ఓనర్ హైదరాబాద్‌లోనో హనుమకొండలోనో ఉంటారు. కిరాయి ఫోన్‌లోనే వెళ్లిపోతుంది. ఆ ఖాళీ జాగా మాత్రం ఎవరికీ పట్టదు. ‘మన ఇల్లు కాదు కదా’ అని కిరాయిదారు, ‘ఉండేది వాళ్లే కదా’ అని ఓనర్. రెండు వానలు పడగానే పిచ్చిమొక్కలు, పాముల భయం. మరుసటి ఏడాదికి మొత్తం సిమెంటు పోయించేస్తారు.

ఇది చదువుతున్న మీలో కొందరు నగరంలో కిరాయిదారులు, ఊళ్లో ఓనర్లు కూడా అయి ఉంటారు. కాబట్టి రెండు వైపుల నుంచీ చూద్దాం.

సిమెంటు పోస్తే పోయేదేంటి?

మొదట పోయేది నీళ్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. 100 గజాల స్లాబు అంటే దాదాపు 84 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల వానకే దాని మీద 830 లీటర్లకు పైగా పడతాయి. వాకిలి మట్టిగా ఉంటే అందులో చాలా భాగం అక్కడే ఇంకుతుంది. సిమెంటైతే గేటు దాటి రోడ్డెక్కుతుంది. జనగామ ప్రాంతం కరువుకు పెట్టింది పేరు. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు వచ్చాక పరిస్థితి కొంత మారినా, వేసవిలో బోరు మాట వస్తే గుబులు ఇంకా పోలేదు. పైగా ఎండాకాలంలో పగలంతా కాగిన గచ్చు రాత్రి కూడా ఇంటిని చల్లబడనివ్వదు. ఆ సెగ ఓనర్‌కు తెలియదు, కరెంటు బిల్లు కట్టే కిరాయిదారుకు తెలుస్తుంది.

బండి నిలిపే చోటు, నడిచే దారి వరకు బండలు పరిచి మిగతాది మట్టిగా వదిలేస్తే చాలు. బండల మధ్య సందులను సిమెంటుతో పూడ్చకుండా ఇసుకతో నింపితే అక్కడా నీళ్లు దిగుతాయి. ఖర్చు కూడా తక్కువే.

నాటిన మొక్క మీద హక్కు ఎవరికి?

దీనికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో జవాబుంది. చెట్లు, పొదల్లా వేళ్లతో నేలలో పాతుకున్నవాటిని ఆ చట్టంలోని 3వ సెక్షన్ ‘నేలకు అంటి ఉన్నవి’ అంటుంది. కిరాయిదారు తాను నేలకు అంటించిన వాటిని, ఆస్తి ఇంకా తన స్వాధీనంలో ఉన్నంత వరకు తీసుకెళ్లవచ్చని 108వ సెక్షన్ చెబుతోంది. షరతు ఒక్కటే: జాగాను తనకు అప్పగించినప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగి అప్పగించాలి. తాళం చేతులు ఇచ్చేశాక వచ్చి ‘నా గులాబీ మొక్క’ అంటే కుదరదు. ఓనర్ ఒప్పుకోకుండా శాశ్వత కట్టడం కట్టకూడదని, కలప చెట్లు నరకకూడదని కూడా అదే సెక్షన్‌లో ఉంది.

అయితే ఇవన్నీ అగ్రిమెంట్‌లో వేరే మాట రాసుకోనప్పుడే. అగ్రిమెంట్‌లో ‘మొక్కలు ఓనర్‌వే’ అని ఉంటే అదే చెల్లుతుంది.

కౌలు పొలంలో పండిన పంట తనదేనని 1940లలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మది ఈ పాలకుర్తే. పొలం కౌలు లెక్కలు వేరు, ఇంటి కిరాయి లెక్కలు వేరు. కానీ ‘నేల నీది, మరి పెంచింది ఎవరిది?’ అన్న ప్రశ్న ఈ ఊరికి కొత్తేం కాదు.

అగ్రిమెంట్‌లో ఏం రాసుకోవాలి?

మన దగ్గర ఇంటి కిరాయి అగ్రిమెంట్లు ఎక్కువగా 11 నెలలకే రాస్తారు. అందులో సున్నం ఖర్చు, మోటారు రిపేరు లాంటివి ఉంటాయి కానీ మొక్కల ఊసు ఉండదు. గొడవ వచ్చేది అక్కడే. ఇలా నాలుగు ముక్కలు చేర్పించుకోండి: ‘కిరాయిదారు కుండీల్లో, ముందు జాగాలో మొక్కలు పెంచుకోవచ్చు. కుండీలు కిరాయిదారువి. నేలలో నాటిన చిన్న మొక్కలను ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్తే గుంతలు పూడ్చాలి. ముందు నుంచి ఉన్న చెట్లను ఓనర్‌కు చెప్పకుండా కొట్టకూడదు. మొక్కల నీటి ఖర్చు కిరాయిదారుదే.’ ఆఖరి వాక్యం మీరు మాట్లాడుకున్నదాన్ని బట్టి మార్చుకోవచ్చు. ఇంట్లో దిగిన రోజే వాకిలి, పెరడు ఫొటోలు తీసి ఓనర్‌కు వాట్సాప్ చేయండి. అడ్వాన్సు తిరిగి తీసుకునే రోజున ఆ ఫొటోలే పనికొస్తాయి.

ఓనర్లకు ఒక మాట. 11 నెలల మనిషి మామిడి చెట్టు నాటడు. నీడనిచ్చే చెట్టు కావాలంటే మొక్క, గుంత, కంచె ఖర్చు మీరే పెట్టుకోవాలి. నీళ్లు పోసే పనిని మాత్రం కిరాయిదారుతో మాట్లాడుకుని అగ్రిమెంట్‌లో రాయించండి.

ఏ మొక్కలు?

లాన్ వద్దు. ఫొటోలో బాగుంటుంది కానీ ఎండాకాలం అంతా నీళ్లు తాగుతూనే ఉంటుంది. రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉంటే ఎండిపోతుంది. త్వరగా ఎదుగుతుందని ప్రహరీ పొడవునా పెట్టే కోనోకార్పస్ కూడా వద్దు. గుజరాత్ దీన్ని 2023లో నిషేధించింది. తెలంగాణలోనూ హరితహారం నర్సరీల్లో పెంచొద్దని ఆదేశాలు వచ్చాయి.

ఓనర్ నాటించే చెట్టైతే వేప, కానుగ, నేరేడు లాంటివి ఈ నేలకు అలవాటైనవి. గోడకు, సెప్టిక్ ట్యాంకుకు బాగా ఎడంగా పెట్టాలి. మర్రి, రావి ఇంటి జాగాలో వద్దు.

కిరాయిదారుకైతే వెంటనే ఫలితం ఇచ్చేవి కావాలి. మందార, నందివర్ధనం, మల్లె, శంఖుపుష్పం పెద్దగా గారాబం అడగవు. తొలకరి పడ్డాక బంతి నారు పోసుకుంటే బతుకమ్మకు ఇంటి పూలే దొరుకుతాయి. తంగేడు కోసం చేలగట్లు వెతికే రోజుల్లో పెరట్లో నాలుగు గునుగు మొక్కలున్నా పిల్లలకు సంబరమే. గన్నేరు నీళ్లు లేకపోయినా బతుకుతుంది గానీ, దాని ఆకు, గింజ విషం. చిన్నపిల్లలు, పశువులు తిరిగే చోట పెట్టకపోవడమే మంచిది.

మొక్కలు ఎక్కడ దొరుకుతాయి?

తెలంగాణలో 2015 జులైలో మొదలైన హరితహారం కింద ఊళ్లలో ఇంటికి ఆరు మొక్కల చొప్పున పంచేవారు. ఆ తర్వాత పంచాయతీల్లో నర్సరీలు ఏర్పాటయ్యాయి. ఇప్పుడు వానాకాలం మొక్కల పండుగ వన మహోత్సవం పేరుతో సాగుతోంది. ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శిని, పట్టణంలో అయితే మున్సిపల్ ఆఫీసును జూన్‌లోనే అడగండి. ఆలస్యమైతే మంచి జాతులు అయిపోయి ఎవరూ అడగనివే మిగులుతాయి.

నీళ్లు?

మిషన్ భగీరథ నీళ్లు తాగడానికి వచ్చేవి. ఆ పైపు మొక్కలకు పెట్టొద్దు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు కుండీలకు సరిపోతాయి. స్నానాల గది నీటిని చిన్న కాలువ తీసి అరటికో మెట్టతామరకో మళ్లిస్తే బురద కూడా తగ్గుతుంది. ఎండుటాకులు మొక్కల మొదళ్లలో పరిస్తే తడి నిలుస్తుంది. వాటిని కాల్చడం ఎందుకో ఎప్పటికీ అర్థం కాదు. కుండీల కింది పళ్లేల్లో నీళ్లను వారానికోసారి పారబోయాలి, లేదంటే డెంగీ దోమకు మనమే ఇల్లు కిరాయికి ఇచ్చినట్టు.

స్లాబు నీళ్లు దిగేచోట ఇంకుడు గుంత తవ్వించడం ఓనర్ పని. కిరాయిదారు సొంత డబ్బుతో తవ్విస్తే కిరాయిలో తగ్గించుకునే మాట ముందే రాయించుకోవాలి.

చెట్టు అడ్డమైతే?

కొమ్మలు కరెంటు తీగలకు తగులుతుంటే విద్యుత్ సిబ్బందికి చెప్పాలి, మీరు కత్తి పట్టుకుని ఎక్కొద్దు. చెట్టునే తీసేయాలంటే ఓనర్ అయినా సరే 2002 నాటి వాల్టా చట్టం కింద ముందుగా అనుమతి తీసుకోవాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. మీ చెట్టు అందులో ఉందో లేదో అటవీ శాఖ ఆఫీసులో అడిగాకే గొడ్డలి తీయాలి.

ఖాళీ చేసేటప్పుడు

ఎండాకాలంలో పాతుకున్న మొక్కను పీకి తీసుకెళ్తే బతకడం కష్టం. ఇల్లు మారే సంగతి ముందే తెలిస్తే, నెలా రెండు నెలల ముందు వానల్లోనో చలికాలంలోనో మందార కొమ్మలు కుండీలో గుచ్చుకోండి. మల్లె తీగను వంచి మట్టిలో తొక్కితే అంటు వస్తుంది. కరివేపాకు చెట్టును కదపాల్సిన పనే లేదు. దాని మొదట్లో లేచిన పిలకను వేరుతో సహా తీసుకుని, చెట్టును తర్వాత దిగేవాళ్లకు వదిలేయొచ్చు.