థర్మకోల్ లేని క్రిస్మస్: ఇంట్లోనే నక్షత్రం, తోరణం, కానుక

డిసెంబరు మాసం ప్రవేశించగానే క్రైస్తవుల ఇళ్ల ముంగిట కాగితపు నక్షత్రం వెలుగుతుంది. కేరళ, గోవాలలోని ఇళ్ల వరండాలలోనూ, ఈశాన్య రాష్ట్రాల కొండ ఊళ్లలోనూ, కోస్తా ఆంధ్ర పల్లెలలోనూ పండుగ రాకను ముందుగా చాటేది ఈ నక్షత్రమే. బాలయేసును దర్శించడానికి తూర్పు దేశపు జ్ఞానులు ఒక నక్షత్రాన్ని అనుసరించి వచ్చారని మత్తయి సువార్త చెబుతుంది. ఆ కథనమే ఈ అలంకరణకు మూలం.

ఒకప్పుడు ఇంట్లోనో, వీధిలోని యువకుల చేతులమీదుగానో తయారైన ఈ నక్షత్రం క్రమంగా అంగడి వస్తువుగా మారింది. దానితోపాటు థర్మకోల్ పశువుల పాకలు, ప్లాస్టిక్ తోరణాలు, మెరుపు పొడి అద్దిన బొమ్మలు ఇళ్లలోకి వచ్చాయి. పండుగ ముగిసిన వారానికి వీటిలో అధిక భాగం చెత్తకుప్పకు చేరుతుంది. అయితే అలంకరణకు వాడే థర్మకోల్ తయారీ, అమ్మకం, వినియోగాలను కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి దేశవ్యాప్తంగా నిషేధించింది. బెలూన్లకు అమర్చే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, 100 మైక్రాన్లకు తక్కువ మందం గల పీవీసీ బ్యానర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఏ వస్తువుతో అలంకరించాలన్నది ఇప్పుడు అభిరుచికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

దీనికి సమాధానం కష్టమైనదేమీ కాదు. కాగితం, వెదురు, వరిగడ్డి, పిండి, పండ్లు, పాత బట్ట ఉంటే చాలు. హస్తకళలో ఎలాంటి అనుభవమూ లేనివారు సైతం వీటితో ఇంటిని అలంకరించవచ్చు.

చేతిపని నుంచి పుట్టిన ఆనవాయితీలు

క్రిస్మస్ అలంకరణలలో చాలావరకు చేతిపనిగానే ఆరంభమయ్యాయి. అనేక కోణాలతో కనిపించే మొరేవియన్ నక్షత్రం 19వ శతాబ్దంలో జర్మనీలోని ఒక మొరేవియన్ క్రైస్తవ పాఠశాలలో జ్యామితి అభ్యాసంగా రూపుదిద్దుకుంది. ఫిలిప్పీన్స్‌లో వెదురు చట్రానికి పలుచని కాగితం అంటించి చేసే నక్షత్ర దీపాన్ని ‘పరోల్’ అంటారు. దీపస్తంభం, లాంతరు అనే అర్థమున్న స్పానిష్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. పశువుల పాకను కళ్లకు కట్టినట్లు చూపే సంప్రదాయానికి 1223లో ఇటలీలోని గ్రెచ్చియో గ్రామంలో అసిసీకి చెందిన సెయింట్ ఫ్రాన్సిస్ చేసిన ఏర్పాటు ప్రేరణగా నిలిచింది.

వెదురు నక్షత్రం

ఒక సాయంత్రంలో పూర్తయ్యే పని ఇది. ఇద్దరు కలిస్తే మరింత సులభం. రెండడుగుల పొడవుగల సన్నని వెదురు బద్దలు పది, నాలుగంగుళాల చిన్న పుల్లలు ఐదు, పురికొస లేదా గట్టి దారం, గాలిపటాలకు వాడే పలుచని రంగు కాగితం, జిగురు కావాలి. మైదాను నీటిలో కలిపి ఉడికించిన జిగురైనా సరిపోతుంది. సంక్రాంతి దగ్గరపడుతుండటంతో గాలిపటాల కాగితం ఈ రోజులలో దుకాణాలలో తేలికగా దొరుకుతుంది.

మొదట సుద్దముక్కతో గానీ ముగ్గుపిండితో గానీ నేలపై ఐదు కోణాల నక్షత్రం గీయాలి. చేయి ఎత్తకుండా ఐదు సరళరేఖలలో పిల్లలు గీసే నక్షత్రమే ఇది. ప్రతి గీత రెండడుగులు ఉండేలా చూసుకోవాలి. ఐదు గీతలమీద ఐదు బద్దలను పరచి, రెండేసి కొసలు కలిసే ఐదు చోట్ల దారంతో బిగించి కట్టాలి. బద్దలు ఒకదానినొకటి దాటే లోపలి ఐదు కూడళ్లలోనూ వదులుగా ఒక ముడి వేయాలి. మిగిలిన ఐదు బద్దలతో ఇదే కొలతలో రెండో నక్షత్రాన్ని సిద్ధం చేయాలి.

ఇప్పుడు ఒకదానిపై మరొకటి ఉంచి, ఐదు కొసలను జంటగా కలిపి కట్టాలి. తరువాత లోపలి కూడళ్ల వద్ద రెండు చట్రాలను కొద్దిగా విడదీసి, వాటి నడుమ చిన్న పుల్లలను నిలువుగా ఇరికించి కట్టాలి. అంతవరకు చదునుగా ఉన్న నక్షత్రం మధ్యలో ఉబ్బి నిండుగా కనిపిస్తుంది. కాగితాన్ని చట్రం కన్నా అంగుళం ఎక్కువగా కత్తిరించి, అంచులను బద్దల మీదుగా మడిచి అంటించాలి. వెనుకవైపు ఒక కోణాన్ని మాత్రం తెరిచి ఉంచితే దీపం అమర్చడానికి వీలుంటుంది. కాగితాన్ని మరీ బిగువుగా లాగకూడదు. జిగురు ఆరేటప్పుడు అది ముడుచుకుని చిరిగే అవకాశం ఉంది.

వెదురు దొరకనివారికి

నగరాలలోని అపార్ట్‌మెంట్లలో వెదురు సంపాదించడం కష్టం కావచ్చు. అక్కడ కాగితపు సంచులే నక్షత్రాలవుతాయి. మందుల దుకాణాలలోనూ, బేకరీలలోనూ ఇచ్చే ఒకే కొలతగల కాగితపు సంచులు ఏడెనిమిది కావాలి. ఒక సంచిని మూతి పైకి ఉండేలా పరచి, అడుగు అంచు పొడవునా ఒక జిగురు గీత, ఆ గీత మధ్య నుంచి మూతి వరకు నిలువుగా మరొక గీత వేయాలి. దానిపై రెండో సంచిని సరిగ్గా అదే దిశలో అతికించాలి. ఇలా సంచులన్నీ ఒకదానిపై ఒకటి అతికి, జిగురు పూర్తిగా ఆరిన తరువాత మూతివైపు రెండు మూలలనూ ఏటవాలుగా కత్తిరించి మొన తేలేలా చేయాలి. ఆపై మొదటి సంచినీ చివరి సంచినీ పట్టుకుని విసనకర్రలా విప్పి, ఆ రెండింటినీ కలిపి అంటిస్తే గుండ్రటి నక్షత్రం ఏర్పడుతుంది. పక్కల అంచులలో చిన్న త్రికోణాలు కత్తిరిస్తే విప్పినప్పుడు అవి నగిషీలుగా కనిపిస్తాయి.

చెట్టుకు కట్టే బొమ్మలు

కోస్తా ప్రాంతంలో సరుగుడు కొమ్మను క్రిస్మస్ చెట్టుగా నిలబెట్టే అలవాటు ఉంది. దానికి కట్టే బొమ్మలను ఉప్పు కలిపిన పిండితో చేయవచ్చు. రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు ఉప్పు, ఇంచుమించు ఒక గ్లాసు నీళ్లు కలిపి చపాతీ పిండిలా గట్టిగా పిసకాలి. నీటిని ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా పోయాలి. అర సెంటీమీటరు మందాన వత్తి, గ్లాసు అంచుతోనో, సీసా మూతతోనో బిళ్లలు కోయాలి. దారం కట్టుకోవడానికి తడి ఆరకముందే పైభాగాన చిన్న రంధ్రం చేయాలి. ఓవెన్ ఉంటే 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో రెండు మూడు గంటలు, లేకుంటే మంచి ఎండలో కొన్ని రోజులు తిప్పుతూ ఆరబెట్టాలి.

ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందువల్ల సముద్రతీర ప్రాంతాలలో ఈ బిళ్లలు కొద్ది రోజులకే మెత్తబడవచ్చు. పూర్తిగా ఆరిన తరువాత రెండు వైపులా వార్నిష్ పూస్తే నిలుస్తాయి. ఇవి తినదగినవి కావని పిల్లలకు ముందే చెప్పాలి. పెంపుడు కుక్కలకు అందకుండా కట్టడం కూడా అవసరం. ఇంత ఉప్పు వాటికి ప్రాణాపాయం కలిగించగలదు.

బత్తాయి చక్రాలు మరో సులభమైన అలంకరణ. కమలాపండు కన్నా తొక్క బిగువుగా ఉండే బత్తాయి చక్రాలుగా చక్కగా తెగుతుంది. అర సెంటీమీటరు మందాన కోసి, తడిని బట్టతో అద్ది, తక్కువ వేడిగల ఓవెన్‌లో తిప్పుతూ కొన్ని గంటలు ఆరబెడితే దీపకాంతిలో గాజు ముక్కల్లా మెరుస్తాయి. తడి మిగిలితే బూజు పడుతుంది కనుక తొందరపడకూడదు.

మెరుపు కోసం చాలామంది చమ్కీ పొడిని ఆశ్రయిస్తారు. అందులో అధిక భాగం ప్లాస్టిక్ పొరను సన్నగా కత్తిరించి చేసినదే. అది నేలలో, నీటిలో సూక్ష్మ ప్లాస్టిక్‌గా మిగిలిపోతుంది. ఈ కారణంగానే ఐరోపా సమాఖ్య 2023 అక్టోబరులో ప్లాస్టిక్ చమ్కీ పొడిపై ఆంక్షలు విధించింది. పిండి బిళ్లలకు సున్నపు తెలుపు, ఎర్రమట్టి రంగు, పసుపు వంటివి సరిపోతాయి.

పశువుల పాక

థర్మకోల్ పాకకు మేలైన ప్రత్యామ్నాయం అట్టపెట్టె. పెట్టెను పక్కకు పడుకోబెట్టి, పైన రెండు అట్టముక్కలను వాలుగా నిలిపి, వాటిపై వరిగడ్డి అంటిస్తే పాక సిద్ధమవుతుంది. డిసెంబరు నాటికి సార్వా కోతలు సాగుతూ ఉంటాయి కాబట్టి పల్లెలలో గడ్డికి కొరత ఉండదు. బొమ్మలను బంకమట్టితో పిల్లల చేతనే చేయించవచ్చు. పాక చుట్టూ పచ్చిక కావాలంటే ఒక పళ్లెంలో పలుచగా మట్టి పరచి రాగులో, ఆవాలో చల్లి, రోజూ తడి చిలకరించాలి. వారం పది రోజులలో లేత మొలకలు పచ్చని తివాచీలా పరచుకుంటాయి. ప్లాస్టిక్ గడ్డికి లేని అందం ఆ మొలకలకు ఉంటుంది.

కానుకలు

క్రిస్మస్ శుభాకాంక్షల కార్డు వాణిజ్యపరంగా తొలిసారి 1843లో లండన్‌లో వెలువడింది. హెన్రీ కోల్ కోరిక మేరకు చిత్రకారుడు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ దానిని గీశారు. నేడు ఫోన్‌లో వచ్చే సందేశాలు క్షణంలో చదివి మరచిపోయేవి. అందువల్లనే చేతితో రాసిన కార్డుకు విలువ పెరిగింది. ఏ4 కొలత దళసరి కాగితాన్ని సగానికి మడిచి, పాత పెళ్లి శుభలేఖల నుంచి కత్తిరించిన నగిషీలను అంటిస్తే కార్డు తయారవుతుంది. లోపల నాలుగు వాక్యాలు స్వహస్తాలతో రాయడమే ఇందులో ముఖ్యమైన పని.

లవంగాలు గుచ్చిన నారింజ పండు మరో పాత కానుక. ముందుగా సూదితో తొక్కపై రంధ్రాలు చేసి, వాటిలో లవంగాలను వరుసలుగా గుచ్చి, రిబ్బను కడితే గది అంతటా పరిమళం వ్యాపిస్తుంది. ఇవ్వడానికి ఒకటి రెండు రోజుల ముందు చేస్తే చాలు. ఇంట వండిన గులాబీ పువ్వులు, కేకు ముక్కలు పంచేటప్పుడు ప్లాస్టిక్ సంచులకు బదులు శుభ్రంగా ఉతికిన పాత నూలు చీర ముక్కలను వాడవచ్చు. రెండడుగుల చదరపు గుడ్డ మధ్యలో డబ్బా ఉంచి, ఎదురెదురు మూలలను జంటగా ముడివేస్తే మూటే అందమైన కానుక అవుతుంది. ఆ గుడ్డ తిరిగి వాడకానికి వస్తుంది.

అన్నీ స్వయంగా చేసుకోవడం అందరికీ సాధ్యం కాదు. కొనవలసి వస్తే చేతివృత్తులవారి నుంచి కొనడం ఉత్తమం. అంకుడు కర్రపై లక్క పూసి చేసే ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. నరసాపురం ప్రాంతపు క్రోషే లేసు మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో గోదావరి తీరానికి చేరిన కళ. ఇంటి పనుల నడుమ లేసు అల్లే ఈ స్త్రీల శ్రమ శ్రమగానే లెక్కకు రాలేదనీ, వారికి దక్కే కూలి అత్యల్పమనీ మారియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనం వెల్లడించింది. ఒక పూట కూర్చుని ఒక్క నక్షత్రం చేసి చూసినవారికి చేతిపనిలోని శ్రమ అర్థమవుతుంది. బేరమాడే ముందు ఆ శ్రమను తలచుకోవడం న్యాయం.

నిప్పుతో జాగ్రత్త

కాగితం, వెదురు, ఎండుగడ్డి మూడూ త్వరగా అంటుకునే వస్తువులే. కాగితపు నక్షత్రంలో కొవ్వొత్తిని ఎట్టి పరిస్థితులలోనూ ఉంచకూడదు. పాతకాలపు తీగ బల్బు కూడా తగదు. దాని వేడికి కాగితం మాడి నిప్పు పుట్టవచ్చు. తక్కువ వాట్ల ఎల్ఈడీ బల్బును కాగితానికి తగలకుండా వేలాడదీయాలి. ఆరుబయట మంచుకు తడిసేచోట వైర్ల అతుకులు ఉండకూడదు. ఐఎస్ఐ ముద్ర ఉన్న వైర్లు, ప్లగ్గులే వాడాలి. పడుకునే ముందూ, ఇల్లు విడిచి వెళ్లేటప్పుడూ దీపాలు ఆర్పాలి. పశువుల పాక వద్ద వెలిగించే కొవ్వొత్తులను గడ్డికి దూరంగా, నీరు పోసిన పళ్లెంలో నిలపాలి.

ఎప్పుడు ఏ పని

కొత్తవారు తరచుగా ఇబ్బందిపడేది నైపుణ్యం లేక కాదు, సమయం చాలక. ఆరవలసినవాటిని ముందు చేసుకోవాలి. డిసెంబరు రెండో వారం నాటికి పిండి బిళ్లలు, బత్తాయి చక్రాలు ముగించి, 14, 15 తేదీలలో రాగులు చల్లాలి. నక్షత్రాన్ని వీలైనంత ముందుగానే కట్టి వేలాడదీయవచ్చు. దూరపు ఊళ్లకు పంపే కార్డులను మూడో వారం రాకముందే తపాలాలో వేయాలి. నారింజ పండ్లు, మూటలు చివరి రెండు రోజుల పని.

తొలి ప్రయత్నంలో నక్షత్రం ఒక కోణం కొంచెం వంగవచ్చు. చీకటి పడి దీపం వెలిగాక ఆ వంకర ఎవరికీ కనిపించదు. పండుగ తరువాత కాగితం తీసి వెదురు చట్రాన్ని అటకమీద దాచితే, వచ్చే ఏడాది కొత్త కాగితం అంటించడమే మిగిలిన పని. గడ్డి, మొలకలు పశువుల మేతకు, కాగితం పాత సామాను కొనేవారికి చేరతాయి.