బొమ్మ భద్రం.. ఖర్చు స్వల్పం

ఆన్‌లైన్‌లో విక్రయించే కొండపల్లి బొమ్మలకు చౌకగా ప్యాకింగ్ ఇలా..

కొండపల్లి: కొండపల్లి బొమ్మల విక్రయాలు నేడు దుకాణాలకే పరిమితం కాలేదు. అంతర్జాలంలో ఫొటోలు చూసి సుదూర నగరాల వారు సైతం ఆర్డర్లు ఇస్తున్నారు. అయితే పార్శిల్ పలు చేతులు, పలు వాహనాలు మారి కొనుగోలుదారుని చేరాలి. దారిలో అంబారీ ఏనుగు తొండం విరిగినా, గీత కార్మికుని తాటిచెట్టు ఊడినా నష్టం సాధారణంగా విక్రేతదే. అలాగని ప్యాకింగ్‌కు అధికంగా వెచ్చిస్తే లాభం మిగలదు. కొద్దిపాటి జాగ్రత్తలతో ఈ రెండు ఇబ్బందులనూ తప్పించుకోవచ్చు.

అతుకులే బలహీనం

తేలికైన తెల్ల పొణికి చెక్కతో భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. దెబ్బ తగిలితే ముందుగా ఊడేది ఈ అతుకులే. కనుక చేతులు, తొండాలు, కొమ్మల చుట్టూ మెత్తని కాగితం నింపిన తరువాతే బొమ్మ మొత్తాన్ని చుట్టాలి. రంగు పూర్తిగా ఆరనిదే చుట్టరాదు. పాత వార్తాపత్రికల సిరా రంగులకు అంటే ప్రమాదముంది. లోపలి చుట్టుకు అచ్చు లేని తెల్లకాగితం, పైన పాత పత్రికలు వాడటం మేలు.

పెట్టె పెద్దదైతే భారమే

చాలా కొరియర్ సంస్థలు అసలు బరువు, పరిమాణపు బరువులలో ఏది ఎక్కువైతే దానికే రుసుము వసూలు చేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తే పరిమాణపు బరువు కిలోలలో వస్తుంది. అన్ని వైపులా 30 సెం.మీ. ఉన్న పెట్టె 5.4 కిలోల కింద లెక్కకు వస్తుంది. అదే 20 సెం.మీ. పెట్టె అయితే 1.6 కిలోలే. తేలికైన బొమ్మను పెద్ద పెట్టెలో పంపడమంటే గాలికి రుసుము చెల్లించడమే. బొమ్మ చుట్టూ సుమారు 5 సెం.మీ. ఖాళీ ఉంటే చాలు.

చౌకగా లభించేవి ఇవి

* కిరాణా, మందుల దుకాణాల్లోని ఖాళీ అట్టపెట్టెలు. తడిసినవి, అంచులు నలిగినవి తీసుకోరాదు. పాత చిరునామాలు, బార్‌కోడ్‌లు తొలగించకుంటే పార్శిల్ దారి తప్పవచ్చు.

* కొత్తవైతే చిన్న బొమ్మలకు మూడు పొరల పెట్టె సరిపోతుంది. దశావతారాల వంటి పెద్ద సెట్లకు ఐదు పొరలది శ్రేయస్కరం. తయారీదారులు తక్కువ సంఖ్యలో ఇవ్వరు కనుక నలుగురైదుగురు కళాకారులు కలిసి రెండు, మూడు కొలతలనే ఎంచుకుని టోకుగా కొనుగోలు చేస్తే ధర తగ్గుతుంది. అట్టపెట్టెలపై జీఎస్టీ సైతం 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

* బొమ్మలు చెక్కగా మిగిలిన చెక్క పొట్టును కాగితపు సంచుల్లో నింపి, మూలల్లో మెత్తలుగా అమర్చవచ్చు. విదేశాలకు పంపే పార్శిళ్లలో మాత్రం చెక్క పొట్టు, వరిగడ్డి వాడరాదు. చీడపీడల భయంతో అక్కడి అధికారులు నిలిపివేసే అవకాశముంది.

లెక్క చూసుకోవాలి

రూ.600 విలువైన బొమ్మలు వంద పంపగా మూడు విరిగాయనుకుందాం. నష్టం రూ.1,800. అంటే ఒక్కో పార్శిల్‌పై రూ.18 పడినట్లే. రూ.10 అదనపు ఖర్చుతో ఆ మూడింటినీ కాపాడగలిగితే అది వృథా కాదు, పొదుపే. టేపు, కాగితం, పెట్టె ఖర్చులను బొమ్మ ధరలో ముందే కలుపుకోవాలి.

చివరిగా పెట్టెను మూసి ఊపి చూడాలి. లోపల కదలిక వినిపిస్తే మరికొంత కాగితం నింపాలి. మధ్య అతుకుతో పాటు రెండు పక్కల అంచులకూ టేపు వేయాలి. పైచీటీ చిరిగినా పార్శిల్ చేరేలా చిరునామా, ఫోన్ నంబరు రాసిన మరో చీటీని లోపల ఉంచడం మరువరాదు.