సర్వర్‌లో లైనక్స్, మన ల్యాప్‌టాప్‌లో విండోస్.. ఎందుకీ గ్యాప్?

దమ్మాయిగూడ నుంచి మళ్లీ వచ్చేశా. బీటెక్ ఫైనల్ ఇయర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, లైనక్స్ నేర్చుకుంటే జాబ్ వస్తదా?" నా జవాబు సింపుల్. కోర్సు చేస్తే ఇంటర్వ్యూ దాకా వెళ్తారు. రోజూ వాడితే జాబ్‌లో నిలబడతారు. ఈ రెండింటి మధ్య తేడా ఏంటో ఈరోజు చూద్దాం.

1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే స్టూడెంట్ మొదలుపెట్టిన కెర్నల్ ఇది. మీ ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది దీని మీదే. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ దీని మీదే నడుస్తున్నాయి. అంటే లైనక్స్ ఆల్రెడీ మన జేబులో ఉంది. లేనిది మన టేబుల్ మీదే.

నేను సపోర్ట్ ప్రాజెక్ట్‌లో చేసినప్పుడు సర్వర్లన్నీ లైనక్స్, మా చేతిలో ల్యాప్‌టాప్‌లన్నీ విండోస్. పుట్టీ ఓపెన్ చేసి, డాక్యుమెంట్‌లో ఉన్న కమాండ్ పేస్ట్ చేసి, టికెట్ క్లోజ్ చేయడమే పని. అమీర్‌పేట కోచింగ్‌లోనూ చాలావరకు ఇంతే: కమాండ్లు బట్టీ పట్టడం.

ఉదాహరణకు పర్మిషన్ ఎర్రర్ వస్తే చాలామంది వెంటనే కొట్టేది 'సీహెచ్‌మోడ్ 777'. ఆ 7 ఏంటి? చదవడానికి 4, రాయడానికి 2, రన్ చేయడానికి 1. మొత్తం 7. మొదటి అంకె ఓనర్‌కి, రెండోది గ్రూప్‌కి, మూడోది మిగతా అందరికీ. అంటే 777 కొడితే ఇంటి తలుపు తీసి, తాళంచెవి గుమ్మంలో పెట్టినట్టే. సొంత మెషీన్‌లో నాలుగుసార్లు ఎర్రర్ చదివి సరిచేసుకున్నోడు ఆఫీస్ సర్వర్‌లో ఆ పని చేయడు.

మన ఏరియా సంగతి చూడండి. ఈసీఐఎల్ చౌరస్తా మనకు పక్కనే. 1967లో ఆ సంస్థ మొదలైంది. రోజూ ఏఎస్ రావు నగర్ అంటుంటాం కదా, ఆ ఏఎస్ రావు గారే దాన్ని నిలబెట్టిన తొలి మేనేజింగ్ డైరెక్టర్. 1969 నాటికే టీడీసీ-12 అనే దేశీ కంప్యూటర్ వచ్చింది ఈసీఐఎల్ నుంచి. కంప్యూటర్ విప్పి చూసి, కట్టి చూసిన మనుషులు తిరిగిన రోడ్లు ఇవి. ఇప్పుడు అవే రోడ్ల మీద మనం అప్‌డేట్ బటన్ నొక్కి వెయిట్ చేస్తున్నాం.

ఇంకో లెక్క, డబ్బుది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ జనరేషన్ నుంచే. ఇంట్లో అన్నదో అక్కదో 2016 నాటి ల్యాప్‌టాప్ ఉంటే అది లిస్ట్‌లో ఉండదు. కొత్తది కొనాలంటే నాన్నను అడగాలి. అదే పాతదాంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్నా లైనక్స్ మింట్ నడుస్తుంది. ఎస్ఎస్‌డీ వేస్తే ఇంకా హాయి.

అన్నీ నడుస్తాయని మాత్రం నేను చెప్పను. ఫోటోషాప్, ట్యాలీ, వాలరెంట్ నేరుగా రావు. కొన్ని ఆన్‌లైన్ ఎగ్జామ్ సాఫ్ట్‌వేర్లు విండోసే అడుగుతాయి. ప్లేస్‌మెంట్ టెస్ట్ ముందు రోజు ప్రయోగాలొద్దు.

తెలుగు కావాలా? మన హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో ఆపరేటింగ్ సిస్టమే చేశారు, బడి పిల్లల కోసం బాల స్వేచ్ఛ కూడా. ఇంగ్లిష్ రాకపోతే కంప్యూటర్ రాదనే భయానికి అది మంచి జవాబు.

ఈ వారం పని ఒక్కటే. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ రాసుకుని, లైవ్ మోడ్‌లో బూట్ చేయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, ముందే కాపీ చేసుకోండి. ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు హార్డ్‌డిస్క్‌కి ఏమీ కాదు. వైఫై, సౌండ్, వెబ్‌క్యామ్ చెక్ చేయండి. ఏదైనా ఎర్రర్ వస్తే, గూగుల్‌లో పేస్ట్ చేసే ముందు ఒక్కసారి పూర్తిగా చదవండి. ఉద్యోగంలో మీకు జీతం ఇచ్చేది ఆ చదవడానికే. మళ్లీ కలుద్దాం, ఉంటా!